కొట్టివేసిన మాట

పరదేశమునకు పోవువారికై వ్రాయబడిన పుస్తకములు కొన్ని నేను చదివియున్నాను. వానిలో నదులను, పర్వతములను, చూడదగిన కట్టడములను వర్ణించిన పిమ్మట "ప్రజల స్వభావము" అని ఒక పుట తప్పక ఉండును. ఈ దేశస్థులు మితభాషులు, ఆ దేశస్థులు ముక్కోపులు, మరియొకరు అతిథిప్రియులు అని రెండు మూడు వాక్యములలో కోట్లమంది గుణగణములు తేల్చివేయబడును. చదువునప్పుడు హాయిగా ఉండును. తెలుగువారినిగూర్చి అట్టి వాక్యమొకటి ఎవరైన వ్రాసినచో మాత్రము మనకు ఒళ్ళు మండును. "నేనట్టివాడను కాను, మా పొరుగువాడును కాడు, మరి ఈ తెలుగువాడెవడు?" అని అడుగుదుము.

ఇంత తెలిసియు నేను ఆ పనియే చేసితిని.

నేను కరీంనగరములో ఉపాధ్యాయుడను. ఉట్నూరు ప్రాంతమున ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేయు నా మిత్రుడు, దీపావళికి ముందు జరుగు దండారి పండుగ చూచిపొమ్మని ఏటేట కబురు చేయుచుండెను. ఒక యేడు సెలవులు కలిసివచ్చినవి. బయలుదేరు నాటి ఉదయము బస్సు స్టాండులో కూర్చుండి, క్రొత్త నోటు పుస్తకము తెరచి, మొదటి పుటపై "ఆదిలాబాదు గోండులు" అని శీర్షిక పెట్టి, దాని క్రింద "అమాయకులు. లిపి లేనివారు. అడవియే లోకముగా బ్రతుకువారు" అని వ్రాసితిని. అప్పటికి నేను ఒక్క గోండుతోనైనను పది నిమిషములు మాటలాడి ఎరుగను. ఆ మాటలు ఎప్పుడో ఎక్కడనో చదివినవి. చదివిన చోటు మరచితిని, మాటలు మాత్రము మిగిలినవి.

బస్సు జగిత్యాల దాటి ధర్మపురి చేరునప్పటికి ఎండ ఎక్కినది. రాయపట్నము వంతెనమీద గోదావరి దాటుచుండగా ప్రయాణికులు కొందరు చేతులు జోడించిరి. ఒక ముసలమ్మ కిటికీలోనుండి నాణెము విసరెను. ఈ యొడ్డున నరసింహస్వామి క్షేత్రము. ఆ యొడ్డు మొదలుకొని పాత ఆదిలాబాదు జిల్లా. 2016లో దానిని ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు, మంచిర్యాల, నిర్మల్ అని నాలుగు జిల్లాలుగా విభజించిరి. లక్షెట్టిపేట, జన్నారము గడచిన పిమ్మట రోడ్డుకు ఇరువైపుల టేకు చెట్లు కమ్ముకొన్నవి. 2012లో పులుల రక్షణకై ప్రత్యేకించిన కవ్వాల అడవి అది. పులి నాకు కనబడలేదు. కోతులు మాత్రము ఒక మజిలీలో నా అరటిపండ్లు హరించినవి.

ఉట్నూరునుండి నా మిత్రుడు నన్ను ఒక గోండు గూడెమునకు తీసికొనిపోయెను. ఆ గూడెపు పెద్ద మనుమరాలు ఎనిమిదవ తరగతి విద్యార్థిని, అతని శిష్యురాలు. మేము వాకిట అడుగుపెట్టగనే పెద్ద లేచి "రాం రాం" అనెను. నేను నమస్కారమంటిని. నా మిత్రుడు నా మోచేయి పొడిచెను. నేనును "రాం రాం" అంటిని. వెంటనే ఒకరు మంచము వాల్చిరి, ఒకరు చెంబుతో నీళ్ళు తెచ్చిరి. ఎందుకు వచ్చితిరని ఎవరును అడుగలేదు. పది నిమిషములు గడచినను అడుగలేదు. మన ఊళ్ళలోనైన ఈ పాటికి ఊరు, పేరు, కులము, జీతము అన్నియు తెలిసికొనియుందురు. వీరికి కుతూహలము లేదు కాబోలునని నేననుకొంటిని. మరునాడు నా మిత్రుడు చెప్పెను: దాహము తీరి, అలసట తీరి, వచ్చినవాడు తానుగా నోరు విప్పువరకు అడుగుట వారి దృష్టిలో మోటుతనమట.

ఆ రాత్రి జొన్నరొట్టె, పప్పు తినుచు నేను గోండి భాష నేర్వ ప్రయత్నించితిని. ఆ బాలిక నాకు గురువైనది. "ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏరుంగ్" అని వ్రేళ్ళు మడచుచు ఏడువరకు లెక్కించెను. నేను ఉలికిపడితిని. రండ్ అనగా రెండు, ముండ్ అనగా మూడు, నాలుంగ్ మన నాలుగే. కన్ను వారికి కన్, చేయి వారికి కయ్, మ్రాను వారికి మర. తెలుగును గోండియు ఒకే ద్రావిడ కుటుంబమున పుట్టిన అక్కచెల్లెండ్రని పుస్తకములో చదువుట వేరు, అపరిచితుల వాకిట కూర్చుండి మన అంకెలు మరియొకరి నోట వినుట వేరు.

ఆ ఏడు అంకెలతో వారికి మరియొక పని కలదు. గోండుల గోత్రములన్నియు నాలుగు దేవతలవారు, ఐదు దేవతలవారు, ఆరు దేవతలవారు, ఏడు దేవతలవారు అని నాలుగు సగాలుగా ఏర్పడియున్నవి. ఒకే సగావారు తమలో తాము అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి పెండ్లి పొసగదు. కనుక ఇద్దరు గోండులు దారిలో కలిసినచో, నీవు ఎందరు దేవతలవాడవు అను ఒక్క ప్రశ్నతో తాము వియ్యమునకు తగినవారో, సోదరులో తెలిసికొందురు. దండారికి ఒక గూడెమువారు మరియొక గూడెమునకు పోవుటలోగూడ ఈ లెక్కయే చూతురు. తమకు వియ్యపు వరుసగల ఊరికే ఆటపాటలతో పోవుదురు. అందుచే ఆ పండుగలో ఎంత మర్యాద కలదో అంత వేళాకోళమును కలదు.

మరునాడు మార్లవాయి పోయితిమి. మార్లవాయి చిన్న గ్రామము. కాని మానవశాస్త్రము చదువువారు దూర దేశములలోగూడ ఆ పేరు నెరుగుదురు. 1909లో వియన్నా నగరమున పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు రెండవ ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదు సంస్థానములో చిక్కుబడెను. 1940లో, అడవిమీద, భూమిమీద తమ హక్కులకై తిరుగబడిన కుమురం భీము జోడేఘాటు వద్ద పోలీసుల కాల్పులలో మరణించియుండెను. గోండుల అశాంతికి కారణమేమో తెలిసికొమ్మని నిజాం ప్రభుత్వము ఈ పండితుని నియోగించెను. ఆయన బంగళాలో కూర్చుండి నివేదిక వ్రాయలేదు. భార్య బెట్టీతో మార్లవాయిలో గోండుల యిండ్లవంటి యిల్లు కట్టుకొని, వారి భాష నేర్చి, వారిలో నొకరై మెలగిరి. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండిలో వాచకములు వచ్చినవి. భూమి లేనివారికి పట్టాలు ఇప్పించుటకు ఆయన పాటుపడెను. "ఆదిలాబాదు రాజగోండులు" అను అర్థముగల ఆయన ఆంగ్ల గ్రంథము 1948లో వెలువడినది. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణించినది. ఇప్పుడా దంపతులిరువురి సమాధులు మార్లవాయిలోనే ఉన్నవి. గ్రామస్థులు ఏటేట వారికి వర్ధంతి జరుపుదురు.

ఆ సమాధులముందు నిలిచినప్పుడు నా సంచిలోని నోటు పుస్తకము నాకు జ్ఞప్తికి రాలేదు. వచ్చియుండవలసినది.

ఆ సాయంకాలము గూడెమునకు దండారి బృందము వచ్చినది. ఊరి పొలిమేరలో అతిథుల డోళ్ళు మ్రోగినవి. ఆతిథ్యమిచ్చువారి డోళ్ళు బదులు పలికినవి. రెండు బృందములును ఎదురెదురుగా వచ్చి కలిసికొన్నవి. పెప్రె అను సన్నాయివంటి వాద్యము, కాలికోమను కొమ్ము చెవులు నింపినవి. ఆ గుంపునడుమ గుస్సాడీలు ఆడుచుండిరి. వారి తలలపై వందలకొలది నెమలి యీకలతో కూర్చిన పెద్ద కిరీటములు, మేన బూడిద, భుజమున జంతు చర్మము, చేత కర్ర. ఈ నాట్యమును పలువురికి నేర్పిన మార్లవాయి వాసి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చినది. ఆయన 2024లో కాలధర్మము నొందెను. నేను ఆయన ఆట చూచి నోచుకొనలేదు. కాని ఆ సాయంకాలము చూచినది నాకు చాలును.

ఆట నడుమ విరామములో ఒక గుస్సాడి నా ప్రక్కనే నిలిచెను. ఇంత దగ్గరగా ఆ కిరీటము మరల దొరకదని నేను చేయి చాచి ఈకలను నిమిరితిని. అంతట డోలు ఆగిపోయెను. ఎవరును నన్ను తిట్టలేదు. పెద్ద నెమ్మదిగా వచ్చి నాకును గుస్సాడికిని నడుమ నిలిచి, నా చేయి పట్టుకొని, నవ్వుచునే నన్ను మంచము దగ్గరకు తీసికొనిపోయి కూర్చుండబెట్టెను. పిమ్మట తిరిగిపోయి ఆ కిరీటమునకు మ్రొక్కి గోండిలో ఏమో పలికెను. డోలు మరల మ్రోగెను. నా మిత్రుడు తల వంచుకొని చెప్పెను: ఆ కిరీటము అలంకారము కాదు, దేవత. దానికి పూజచేసి ధరింతురు. ధరించినవాడు వ్రతములో ఉండును, పండుగ ముగియువరకు స్నానమైన చేయడు. మన గుడిలో గర్భగృహమునకు చెప్పులతో పోయి విగ్రహమును తడవిచూచినవానిని మనమేమందుమో నేను ఊహించుకొంటిని. మనము ఇంత మెత్తగా చేయి పట్టుకొని కూర్చుండబెట్టియుందుమా?

రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. తెల్లవారి లేచునప్పటికి వాకిట బాలిక నా నోటు పుస్తకము తెరచి తాతకు చదివి వినిపించుచుండెను. తెలుగు చదువు తనకెంత వచ్చినదో చూపుటకే ఆమె ఉత్సాహము. నేను మంచమునుండి దూకునంతలో మొదటి పుట పూర్తియైనది.

"సారూ, అమాయకులంటే ఏంది?" అని పెద్ద అడిగెను.

"మంచివారని, పటేలా" అని నేను తడబడితిని.

"మంచోళ్ళకు మంచోళ్ళనే మాటున్నది గద. ఇది వేరే మాట."

నేను ఊరకుంటిని. బాలిక తన సంచిలోని పాఠశాల నిఘంటువు తీసి వెదకబోయెను. వలదంటిని.

"కల్లాకపటము తెలియనివారని" అంటిని చివరకు.

ఆయన కొంతసేపు చుట్ట త్రాగెను. "మా నాయిన కాలంల బయటోడొకడు కరువు నాడు విత్తులిచ్చిండు. కాయితం మీద యేలు పెట్టుమన్నడు. మూడేండ్లకు చేను వాని పేర పడ్డది. మా నాయిన అమాయకుడంటవా? ఏ వానకు ఏ విత్తు పెట్టాల్నో ఎరికె. ఏ మాను ఎందుకు పనికొస్తదో ఎరికె. మా గోత్రం కథ మొత్తం నోటికొచ్చు. కాయితం సదువుడు ఒక్కటి రాకుండె. వాడు మా గోండి ఒక్క ముక్క నేర్వకుండ ముప్పయేండ్లున్నడు. వానిని అమాయకుడని ఎవ్వలన్న రాసిన్రా?"

నాకు సమాధానము దొరకలేదు. ఇట్టి కథలు ఆ ప్రాంతమున ఒక్క యింటివి కావు. గిరిజనుల భూములు ఇతరుల చేతులలో పడకుండుటకు 1959లో చట్టము వచ్చినది, 1970లో దానిని మరింత గట్టిచేసిరి. అయినను భూమి కలత తీరలేదు. ఇంద్రవెల్లిలో రోడ్డు ప్రక్కన ఒక స్తూపము కలదు. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. ఆ స్తూపము వారి స్మారకము. భూమికై రెండుమార్లు రక్తము చిందించినవారిని "అమాయకు"లనుటకు నోరెట్లు వచ్చినదని ఇప్పుడనుకొందును. ఆనాడు వచ్చినది.

పెద్ద అంతటితో విడువలేదు. కాని ఆయన కండ్లలో కోపముపోయి చిలిపితనము చేరినది. "సరే సారూ, మీ తాత పేరేంది?" చెప్పితిని. "వాళ్ళ నాయిన?" చెప్పితిని. "వాళ్ళ తాత?" నేను ఆకాశమువైపు చూచితిని. బాలిక పకపక నవ్వెను. ఆ మధ్యాహ్నమే ఒక పరధాను వచ్చి, మూడు తీగల కిక్రి వాయించుచు ఆ గోత్రము పుట్టుక మొదలుకొని గంటన్నర పాడెను. గోత్రముల కథలను తరతరములుగా నోటియందు నిలుపువారు పరధానులు. ఒకచోట అతడు ఒక పేరు దాటవేయగా మూలనున్న ముసలమ్మ వెంటనే అందించెను. వినువారికిగూడ అంతయు కంఠస్థమే.

నా రెండవ మాట "లిపి లేనివారు" అనునదియు నిలువలేదు. నార్నూరు ప్రాంతమునందలి గుంజాల గ్రామమున గోండి భాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన పాత వ్రాతప్రతులు దొరకినవి. హైదరాబాదు పండితులు వానిని పరిశీలించి లోకమునకు తెలిపిరి. 2018లో ఆ లిపి కంప్యూటర్లకై యూనికోడ్‌లో చోటు సంపాదించినది. ఈ సంగతి నాకు చెప్పినది ఎవరో కాదు, ఆ ఎనిమిదవ తరగతి బాలికయే.

ఇంతచెప్పి, గోండులందరు దేవతలని వ్రాసినచో అదియు మరియొక అబద్ధమగును. నేనున్న నాలుగు దినములలోనే ఆ గూడెమున ఇద్దరన్నదమ్ములు గట్టు తగవు పడిరి. ఒకడు రెండవవాని ఎద్దును అన్యాయముగా కొట్టెను. పంచాయతి కూర్చున్నది. తప్పు చేసినవానికి జరిమానా వేసిరి. వాడు కట్టనని మొరాయించెను, చీకటి పడువేళకు కట్టెను. మా పెద్దకును కోపము తక్కువేమియు కాదు. దండారి అతిథులకు కూర చాలలేదని కోడండ్రను ఆయన కసరిన తీరు నాకు నచ్చలేదు. కోడండ్రును ఊరకుండలేదు. ఆ సంగతి నాకు నచ్చినది.

బయలుదేరునప్పుడు నేను ఖర్చులకని కొంత సొమ్ము తీయబోగా నా మిత్రుడు కన్ను గీటెను. ఈసారి నేను తెలిసికొంటిని. సొమ్ము జేబులో వేసి, పుష్యమాసములో మరల వచ్చెదనంటిని. "వస్తే నాగోబ కాడికి రా" అని పెద్ద పలికెను. ఆయన మెస్రం గోత్రమువాడు.

మాట తప్పలేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూరు పోయితిని. నాగోబ మెస్రం వారి దైవము. జాతరకు ముందు వారు కాలినడకను గోదావరిలోని హస్తినమడుగునకు పోయి, కలశముతో నీరు తెత్తురు. ఆ మడుగు జన్నారము దగ్గర ఉన్నది. నేను బస్సులో కూర్చుండి అరటిపండ్లు పోగొట్టుకొన్న దారి అదియే! పోవునప్పుడును వచ్చునప్పుడును ఆ కలశమును నేలపై దింపరు. మజిలీలలో చెట్టుకు వ్రేలాడదీయుదురు. కేస్లాపూరు చేరి మర్రిచెట్ల క్రింద విడిది చేసి, అమావాస్య రాత్రి ఆ జలముతో మహాపూజ సలుపుదురు. పూజకు కావలసిన క్రొత్త కుండలను సిరికొండ కుమ్మరులు చేసియిత్తురు. గోండుల దేవునికి కుమ్మరి కుండలు, గోదావరి నీళ్ళు! "అడవియే లోకముగా బ్రతుకువార"ను నా మూడవ మాటయు అక్కడ కొట్టుకొనిపోయినది.

ఆ రాత్రి "భేటింగు" జరిగినది. ఆ వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడండ్రు తెల్లని వస్త్రములు ధరించి దైవమునకు పరిచయము చేయబడుదురు. ఆ పరిచయము కానంతవరకు వారు నాగోబ పూజకు అర్హులు కారు. చలి ఎముకలు కొరుకుచుండెను. వృద్ధురాండ్రు నడిపించుచుండగా తెల్లని చీరల వరుస పందిరి దీపముల వెలుగులో మెల్లగా కదలెను. నేను దూరముగా నిలిచి చూచితిని. జేబులో ఫోను ఉన్నది. తీయలేదు. 2022లో పూర్తియైన రాతి దేవాలయము అక్కడ ఠీవిగా నిలిచియున్నది. దానిని మెస్రం వారు తమలో తాము చందాలు వేసికొని కట్టుకొన్నారు. జాతరలో అధికారులు ప్రజల విన్నపములు వినునట్టి దర్బారు కూడ జరుగును. దానిని 1940ల దశకమున ఆరంభించినవాడు మార్లవాయిలో నిద్రించుచున్న ఆ వియన్నా అతిథియే.

మరునాడు బస్సెక్కుటకు ముందు బాలిక నా నోటు పుస్తకము అడిగి తీసికొని తాతయొద్దకు పరుగెత్తెను. ఇరువురును చాలసేపు తల తలతో ఆనించి ఏమో గుసగుసలాడిరి. పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు "ఇప్పుడు చూడొద్దు సార్, గోదావరి దాటినంక చూడుండ్రి" అని చెప్పి పారిపోయెను.

రాయపట్నము వంతెన దాటినపిమ్మట తెరచితిని. మొదటి పుటలోని నా మూడు వాక్యములును దండారి నాడే నేను కొట్టివేసితిని. వాని క్రింద గుండ్రని చేవ్రాతతో క్రొత్త శీర్షిక ఉన్నది: "కరీంనగరం వాళ్ళు." దాని క్రింద ఇట్లున్నది: "వీళ్ళు రొట్టె మంచిగ తింటరు. చెప్తె వింటరు, కాని ఆలస్యంగ. ముత్తాత పేరు తెల్వదు. ఒక్కరినే చూసినం. తక్కినోళ్ళు వస్తే చూసి రాస్తం."

బస్సులో ప్రక్కవాడు "ఏంది సార్, నవ్వుతున్నరు?" అనెను. పుస్తకము అతనికి చూపితిని.

"మాది కూడ కరీంనగరమే. నాకు మా ముత్తాత పేరు తెలుసు" అని అతడు కొంచెము గట్టిగానే అనెను.